పగులును దాచని చేయి

పెన్నానది సముద్రములో కలియు చోటికి ఇరుప్రక్కల, రామతీర్థము మొదలు మైపాడు, కృష్ణపట్నములవరకు గల ఇసుకనేలలో చెట్టు బ్రతుకు సుఖమైనది కాదు. ఉప్పుగాలి ఎడతెగక వీచును. కార్తీకము వచ్చినదన్న తుఫాను భయము. 1984 నవంబరులో శ్రీహరికోట వద్ద తీరము దాటిన పెనుగాలి వంటిది ఒక్కటి వచ్చినచో ఏండ్లనాటి వృక్షము కూడ వేళ్లతో లేచిపోవును. బకింగ్‌హాము కాలువ గట్టున, ఊరి బయళ్లలో నిలిచిన వేప, నల్లతుమ్మ చెట్లు గాలి త్రోసిన వైపునకు ఒరిగి, మెలితిరిగి, ఒడలెల్ల ముడులు పడి పెరుగును. తాటిచెట్టు నిటారుగా నిలుచునుగాని దాని స్వభావమే వేరు. తక్కిన చెట్లకు చేవ లోపల ఉండగా, దానికి చేవ వెలుపల ఉండి, లోపల మెత్తని పీచు నిండియుండును.

ఇట్టి కర్రతోనే తీరగ్రామముల వడ్రంగి తరతరములుగా మంచములు, పీటలు, నాగళ్లు, పడవల ప్రక్కటెముకలు చేసి ఇచ్చుచు వచ్చినాడు. వంగిన తుమ్మ దుంగ అతనికి పనికిమాలినది కాదు. ఆ వంపు నాగలికి కావలెను, పడవ కడుపునకు కావలెను. నిటారు కర్రను కోసి తెచ్చిపెట్టుకొన్న వంపుకంటె చెట్టు తానై పెరిగిన వంపు బలమైనదని అతడెరుగును. నేడు పట్టణములలో ముడికర్ర సామాను అని పేరుపెట్టి, చేతిపనియని చెప్పి, అట్టి బల్లలను, ఆసనములను గొప్ప వెలకు అమ్ముచున్నారు. పూర్వము ఆ పేరు లేదు. అది తప్ప వేరు సామాను లేదు గనుక పేరుతో పని లేకపోయినది.

ఈ చేతిపనిలో ఒక ధర్మసందేహము దాగియున్నది. అది వడ్రంగికి మాత్రమే సంబంధించినది కాదు గనుక కొంచెము నిదానించి చూడదగినది.

ఒక బెస్తవాడు తన కుమార్తె సారెకు నులకమంచము చేయుమని ఊరి వడ్రంగిని అడిగినాడనుకొందము. "ఆచారీ, బిడ్డ కాపురానికి పోతా ఉండాది, మంచం గట్టిగా ఉండాల" అని చెప్పి, చేపలమ్మిన సొమ్ములోనుండి బయానా ఇచ్చిపోయినాడు. వడ్రంగి నల్లతుమ్మతో నాలుగు కోళ్లు తీసినాడు. వేపకర్రతో పట్టెలు కోసినాడు. నిలువు పట్టెలలో ఒకదానికి చిత్రిక పట్టుచుండగా లోపలినుండి ఒక పగులు బయటపడినది. జానెడు పొడవు. ఆ కర్ర అతడు వెలపెట్టి కొన్నది. మరియొకటి కొనవలెనన్న ఈ పనిలో మిగులు ఏమియు ఉండదు.

ఇక్కడ గమనింపవలసిన సంగతి ఒకటి కలదు. కుర్చీకో పెట్టెకో పగులు వచ్చినచో ఎవరైనను చూతురు. మంచపు పట్టె అట్టిది కాదు. నులక త్రాడు ఆ పట్టెను చుట్టిచుట్టి అల్లబడును. అల్లిక పూర్తియైన పిమ్మట పట్టెలో ఏమున్నదో కొన్నవానికి తెలియదు, పండుకొన్నవానికి తెలియదు. కాని నులక బిగువంతయు ఆ పట్టెలమీదనే ఉండును. పగులులో రంపపు పొట్టును జిగురుతో కలిపి కూరి, పైన లప్పము పూసి, గీచికాగితముతో రుద్దినచో, నులక చుట్టకముందు కూడ కన్నులకు ఆనదు. కప్పుటకు అరగంట చాలును. వడ్రంగి చేయవలసినదేమి?

పారవేయవచ్చును గదా అని వెంటనే తోచును. అది అంత సులభమైన సమాధానము కాదు. పగులు ఉన్నంతమాత్రమున చెట్టంతయు వ్యర్థము కాదు. నెల్లూరు జిల్లాలోనే పడమట కొండల దాపున ఉదయగిరి ఉన్నది. అచటివారు, ముఖ్యముగా స్త్రీలు, నర్ది, బిక్కి, పాలబరికి వంటి అడవికర్రతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చేతితో చెక్కుదురు. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. చెంచాకు జానెడు కర్ర చాలును. పగిలినచోటు విడిచి, పగులనిచోటు గ్రహించుట ఆ పనిలో సాధ్యము. మంచపు పట్టె ఆరడుగులు ఉండవలెను. దానికి ఆ వెసులుబాటు లేదు. మనుష్యుని జీవితము చెంచావంటిదా, పట్టెవంటిదా అని ఎవరైన అడిగినచో, పట్టెవంటిదనియే చెప్పవలసివచ్చును. చెడిన సంవత్సరములను కోసి పారవైచి, మంచివానిని మాత్రము ఉంచుకొనుట ఎవరికిని సాగలేదు.

చూపి చెప్పవచ్చును గదా అని మరల తోచును. అందులోను చిక్కు ఉన్నది. పెండ్లి మంచములో పగులు అశుభమని లోకులు భయపడుదురు. ఆ భయము వట్టి పామరుల మాట కాదు. ఆరవ శతాబ్దమున వరాహమిహిరుడు తన బృహత్సంహితలో శయ్యాసన లక్షణమునకు ఒక అధ్యాయమునే కేటాయించినాడు. ఏ చెట్ల కర్ర మంచమునకు తగునో, పిడుగు పడినది, గాలికి కూలినది, తేనెపట్టు ఉన్నది ఏల తగదో అందు చెప్పినాడు. కర్రలోని రంధ్రములకు వాని రూపమునుబట్టి పేర్లుపెట్టి ఫలములు చెప్పినాడు. పందికన్ను అను అర్థము వచ్చు పేరు వానిలో ఒకటి. ఫలముల మాట ఎట్లున్నను, బోలు ఉన్న కర్ర బరువు మోయలేదనుటయు, సందు దొరికిన మంచములో నల్లులు కాపురము పెట్టుననుటయు శాస్త్రము చదువనివారికి కూడ అనుభవమే.

ఆ గ్రంథమే విగ్రహమునకు కర్ర తెచ్చు విధానమును వేరొకచోట చెప్పినది. నరుకబోవు చెట్టునకు ముందునాటి రాత్రి పూజ చేసి, బలి సమర్పించి, ఆ చెట్టునాశ్రయించిన భూతములను వేరొకచోటికి తరలిపొమ్మని వేడుకొనవలెనట. చెట్టు తనది కాదని ఒప్పుకొన్న తరువాతనే గొడ్డలి ఎత్తవలెనన్నమాట. ఇంత జాగ్రత్తతో తెచ్చిన కర్రలోని దోషమును లప్పముతో పూడ్చుట ఎంత విరుద్ధమో చెప్పనక్కరలేదు. చెట్టు వద్ద అనుమతి అడిగినవాడు, మంచము కొన్న మనుష్యుని వద్ద నిజము దాచునా?

మహాభారతము శాంతిపర్వములో దీనికి తగిన కథ ఉన్నది. శాంతిపర్వమును తెలుగు చేసినవాడు నెల్లూరి తిక్కన సోమయాజియే గనుక ఆ కథను ఈ తీరమున తలచుట ఉచితము. జాజలి అను బ్రాహ్మణుడు సముద్రతీరమునకు వచ్చి ఘోరతపస్సు చేసినాడు. మ్రోడువలె కదలక నిలిచినాడు. పిచ్చుకల జంట అతని జడలలో గూడు కట్టి గ్రుడ్లు పెట్టినది. పిల్లలు పెరిగి ఎగిరిపోవు వరకు అతడు కదలలేదు. పిమ్మట, ధర్మమును సాధించితినని భుజములు చరచుకొన్నాడు. అప్పుడు ఆకాశమునుండి ఒక మాట వినవచ్చినది. కాశిలో తులాధారుడను వర్తకుడున్నాడు, నీవు అతనికి సాటిరావని. జాజలి ఆశ్చర్యపడి కాశికి పోయి, త్రాసు పట్టుకొని సరకులమ్ముచున్న అతనిని చూచినాడు. తులాధారుడు గొప్పమాటలేమియు చెప్పలేదు. ఇతరులు నరికిన కర్రతో, గడ్డితో తన గూడు కట్టుకొంటిననియు, సుగంధములు మొదలగునవి ఇతరుల వద్ద కొని కపటము లేక అమ్ముదుననియు, మద్యము మాత్రము అమ్మననియు, తన త్రాసు ఎల్లరికి సమముగా నుండుననియు చెప్పినాడు.

ఇందు చిత్రమేమన, తపస్సులో కర్రవలె నిలిచినది జాజలియే. కర్రను కొని ఇల్లు కట్టుకొన్నది తులాధారుడు. కర్రయగుట తేలికయా, కర్రతో వ్యవహరించుట తేలికయా అని భారతము ప్రశ్నించుచున్నట్లు తోచును. జాజలి పిచ్చుకలను కదల్పలేదు, నిజమే. కాని అది తన ఘనతయని లోలోపల లెక్క కట్టుచుండెను. తులాధారుని త్రాసు ఎదుట నిలుచున్న అంగడిలో ఒక దినమున ఎన్నిమారులు అతని నిజాయితీ పరీక్షింపబడునో ఎవరును లెక్కింపలేదు. అతడు కూడ లెక్కింపలేదు. వడ్రంగి దుకాణమును అట్టిదే. చిత్రిక క్రింద కర్ర తెరుచుకొనిన ప్రతిసారియు ఒక పరీక్ష.

ఈ విషయమున ఇరువదవ శతాబ్దపు వడ్రంగి ఒకని జీవితము ఎంతో తెలియజెప్పును. ఈ కోరమండల తీరముననే దక్షిణముగా పోయినచో పుదుచ్చేరి వచ్చును. అచటికి 1937లో జార్జి నకషిమా అను యువకుడు వచ్చినాడు. 1905లో అమెరికాలోని స్పొకేన్ పట్టణమున జపాను తల్లిదండ్రులకు పుట్టి, వాస్తుశిల్పము చదివి, టోకియోలో ఆంటొనిన్ రేమండ్ అను శిల్పి వద్ద పనిచేయుచుండినవాడు. శ్రీ అరవిందాశ్రమవాసుల నివాసముగా రేమండ్ రూపకల్పన చేసిన భవనపు పనులను చూచుటకు అతడు వచ్చెను. ఆ భవనమునకు గోల్కొండ అని పేరు. హైదరాబాదు దివాను సర్ అక్బర్ హైదరీ ద్వారా నిజాము ప్రభుత్వమునుండి వచ్చిన విరాళమే ఆ పేరునకు కారణము. తెలుగునేల పేరు సముద్రపు టొడ్డున ఒక సాధకుల నివాసమునకు అట్లు అమరినది. పని చూడవచ్చిన నకషిమా ఆశ్రమవాసిగా మారిపోయినాడు. శ్రీ అరవిందులు అతనికి సుందరానంద అని నామకరణము చేసిరి. సౌందర్యమున ఆనందించువాడని అర్థము.

రెండేండ్లకు యుద్ధమేఘములు కమ్ముటతో అతడు పుదుచ్చేరి విడిచినాడు. అమెరికా చేరినతరువాత 1942లో, జపాను సంతతివాడను ఒకే ఒక్క కారణమున, భార్యతోను పసిబిడ్డతోను ఇడహో రాష్ట్రమునందలి మినిడోకా నిర్బంధ శిబిరములో పెట్టబడినాడు. ఏ నేరమును చేయనివానికి అది సామాన్యమైన దెబ్బ కాదు. ఆ శిబిరములో గెంటారో హికోగావా అను జపాను వడ్రంగి కూడ బందీగా ఉండెను. నకషిమా వాస్తుశిల్పియను గర్వము విడిచి, అతని వద్ద చేతిపనిముట్లతో పని నేర్చుకొన్నాడు. శిబిరములో మంచికర్ర ఎక్కడిది? దొరికిన చెక్కముక్కలతోనే నేర్చుకొనవలసివచ్చినది. 1943లో రేమండ్ పూచీపై విడుదలయై పెన్సిల్వేనియాలోని న్యూహోప్ అను ఊరు చేరి, అచట సామాను చేయ నారంభించినాడు.

అప్పటి పేదరికములో అతడు కొనగలిగినది ఇతరులు వలదనుకొన్న పలకలు. అంచులు వంకరగా ఉన్నవి, ముడులు పడినవి, పగిలినవి. ఆ వంకర అంచులను అతడు కోసి సరిచేయలేదు. చెట్టు పెరిగిన అంచును అట్లే బల్లకు అంచుగా ఉంచినాడు. పగులు ఉన్నచోట లప్పము పూయలేదు. మన డమరుకమును పోలిన, నడుము సన్నగిల్లిన గట్టికర్ర బిళ్లను పగులునకు అడ్డముగా దిగవేసి బిగించినాడు. పాశ్చాత్యులు దానిని సీతాకోకచిలుక అతుకు అందురు. పగులు కనబడుచునే ఉండును. అది ఇక ముందునకు సాగదు. ఆ అతుకు అతడు కనిపెట్టినది కాదు, వడ్రంగులకు పూర్వమునుండి తెలిసినదే. కప్పిపుచ్చదగిన మరమ్మతును ఎల్లరు చూచునట్లు బల్లమీద నిలుపుటయే అతని ధైర్యము. 1981లో వృక్షపు ఆత్మను గూర్చి అతడొక గ్రంథము ప్రకటించినాడు. 1986 డిసెంబరు 31న న్యూయార్కులోని ఒక గొప్ప ప్రార్థనాలయములో అతడు చేసిన శాంతివేదిక ప్రతిష్ఠింపబడినది. 1990లో అతడు కన్నుమూసినాడు. 1996లో అట్టిదే మరియొక బల్ల పుదుచ్చేరి చెంతనున్న ఆరోవిల్ చేరినది. సుందరానంద పేరు పొందిన తీరమునకు ఆ కర్ర తిరిగివచ్చినదని భావింపవచ్చును.

అన్యాయముగా నిర్బంధింపబడినవాడు తన బల్లలమీది పగుళ్లను దాచకపోవుటకు ఆ జీవితానుభవము కారణమా? అట్లని తేల్చిచెప్పుట సాహసమగును. ఒక్కటి మాత్రము చెప్పవచ్చును. పగులును చూపుట వేరు, పగులును అట్లే వదలివేయుట వేరు. బిళ్ల వేయక వదలినవాడు సోమరి. అతడు సత్యము పేరు చెప్పుకొనరాదు. "నేనింతే, నా స్వభావమింతే" అనుచు కోపమును, లోభమును నలుగురిలో వెల్లడించి తిరుగువారు ఈ కోవకు చెందినవారు. దోషమును ఒప్పుకొంటిమని వారు సంతోషపడుదురు. దానికి అడ్డుబిళ్ల వేయు శ్రమ మాత్రము పడరు.

దీనికి ఆవలి కొసన మరియొక అసత్యము నేడు పుట్టినది. ముడికర్ర సామానుకు గిరాకి పెరుగుటతో, క్రొత్త పలకను గొలుసులతో కొట్టి, రంపముతో గీచి, మరక పూసి, లేని వయస్సును, లేని పగులును కల్పించి అమ్మువారున్నారు. పూర్వము ఉన్న పగులును దాచి మోసము చేసిరి. ఇప్పుడు లేని పగులును చూపి మోసము చేయుచున్నారు! భగవద్గీత దంభమును ఆసురసంపదలో ఏల చేర్చినదో ఇక్కడ చక్కగా బోధపడును. దేవుని ఎదుట "నేను పాపిని, నీచుడను" అని గొంతెత్తి పాడుచు, ప్రక్కవాడు దానినెంత మెచ్చుకొనుచున్నాడో ఓరకంట చూచు భక్తుడు గొలుసుతో కొట్టిన పలకవంటివాడు. అతని దైన్యము దుకాణములో చేయబడినది.

మరి దేవుడెట్టి కర్రను మెచ్చును? శాస్త్రము నిర్దుష్టమైన కర్రను కోరిన మాట నిజమే. పూరీలో జగన్నాథుని వేపకర్ర విగ్రహమునకు చెట్టును ఎన్నుకొనుటలో ఎన్నో లక్షణములు చూతురు. 2015లో జరిగిన నవకళేబర సమయమునను అట్లే చూచిరి. కాని ఆ లక్షణవంతమైన కర్రతో చేసిన మూర్తి ఎట్లున్నది? చేతులు పూర్తిగా లేవు, పాదములు లేవు. తలుపు మూసుకొని చెక్కుచున్న వృద్ధశిల్పిని, గడువు తీరకముందే తలుపు తెరచి ఇంద్రద్యుమ్న మహారాజు చూచుటచే పని అట్లే నిలిచిపోయినదని స్థలపురాణము. రాజు తొందరపాటు అది. దానిని తరువాతివారు సరిదిద్దవచ్చును. క్రొత్త విగ్రహము చేయునపుడెల్ల ఆ అవకాశము ఉన్నది. ఎవరును సరిదిద్దలేదు. మనుష్యుని తొందరపాటు గుర్తును మోయుచునే ఆ స్వామి రథమెక్కుచున్నాడు, లోకము తాడు పట్టి లాగుచున్నది.

ఇక మన తీరగ్రామపు వడ్రంగి మాట. అతడు బృహత్సంహిత చదివినవాడు కాడు, నకషిమా పేరు విన్నవాడు కాడు. పగిలిన పట్టెను ఒక రాత్రి గోడకు ఆనించి ఉంచినాడు. తెల్లవారి పగులునకు అడ్డముగా రెండు బెజ్జములు తొలిచి, చేవగల తుమ్మ చీలలను జిగురు పూసి దిగగొట్టి, ఆ కొసన మోకాలు మోపి బరువు వేసి చూచినాడు. కిర్రుమనలేదు. అప్పుడు నులక చుట్టకముందే బెస్తవానిని పిలిపించి, అతని చేయి పట్టి పగులుమీద ఉంచినాడు. "ఇదిగో అబ్బాయా, ఇక్కడ కర్ర విచ్చింది. చీలలు వేసినాను. ఇక పోదు. నీకు మనసొప్పకపోతే చెప్పు, వేరే పట్టె వేస్తాను, పది దినాలు పడుతుంది."

బెస్తవాడు వెంటనే ఒప్పుకొనలేదు. ఇంటికి పోయి ఆడవారిని అడిగివచ్చినాడు. వచ్చి, వెలలో కొంత తగ్గింపుమన్నాడు. వడ్రంగి తగ్గించినాడు. నిజము చెప్పుటకు అతడు చెల్లించిన వెల అది. మరునాడు నులక అల్లిక పడినది, పగులు కనుమరుగైనది, మంచము బండిమీద అత్తవారి ఊరికి పోయినది.

నులక ఎల్లకాలముండదు. ఏండ్లు గడిచి త్రాడు నుగ్గయి, మరియొక ఊరిలో మరియొకడు క్రొత్త నులక వేయుటకు పాత అల్లికనంతయు కోసి తీసివేయును. పట్టె మరల వెలుగు చూచును. "అమ్మా, ఈ పట్టె పగిలి ఉండాది, చూసినారా?" అని అతడు అడుగును. అప్పటికి బిడ్డల తల్లియైన ఆమె వంటింటిలోనుండి తల కూడ త్రిప్పక, "తెలుసులే అన్నా, చేసిననాడే ఆచారి మా నాయనకు చూపించినాడు. రెండు చీలలు ఉంటాయి చూడు" అనును.